మందు వికటించి ఒంటి చర్మం ఊడుతున్న పసిబిడ్డ కళ్లు కాపాడాలంటే

మూర్ఛ మందో, సల్ఫా మందో (ఇన్‌ఫెక్షన్‌కు ఇచ్చే ఒక రకం యాంటీబయాటిక్) మొదలుపెట్టిన 4 నుంచి 28 రోజుల్లో జ్వరం, నోటిపూత, ఎర్రకళ్లు, బొబ్బలు కలిసి వస్తే మందు వికటించిందేమో అనుకుని తర్వాతి డోసు వేయకుండా వెంటనే విజయవాడ లేదా గుంటూరు పెద్దాసుపత్రికి వెళ్లండి. మందుల సీసాలు వెంట తీసుకెళ్లండి. మూర్ఛకు వేరే మందు అక్కడే ఇస్తారు.

చేరిన 24 గంటల్లోపే కంటి డాక్టరు చూడాలని గట్టిగా అడగండి. చర్మం హడావుడిలో కన్ను మరుగున పడిపోతుంది. పిల్లలు నొప్పికి కళ్లు బిగించేస్తారు. రెప్ప లోపలి పొర ఊడి, రెప్ప కనుగుడ్డుకు అతుక్కోవడానికి కొద్ది రోజులే పడుతుంది. అందుకే రోజూ రెప్ప తిప్పి, పొర ఊడినచోటు కనిపించేలా చేసే రంగుచుక్క వేసి డాక్టరు చూడాలి, అవసరమైతే మత్తిచ్చి. పొర బాగా ఊడితే ఉమ్మపొర (కాన్పులో బిడ్డ చుట్టూ ఉండే ఉమ్మనీటి సంచి పొర) కప్పుతారు. అది మొదటి వారంలోనే జరిగితే మేలు.

ప్రిజర్వేటివ్ (నిల్వ ఉంచే రసాయనం) లేని కన్నీటిచుక్కలు గంటకో రెండు గంటలకో వేయాలి. స్టెరిలైజ్ చేసిన గాజుగుడ్డను (గాయాలకు కట్టే పల్చటి గాజ్ బట్ట) సెలైన్‌లో తడిపి పక్కు మీద ఆనించి, నానాక ముక్కువైపు నుంచి బయటికి ఒక్కసారే తుడవండి. ప్రతి తుడుపుకీ కొత్త గుడ్డ. పక్కు గిల్లొద్దు, రెప్పకు ప్లాస్టర్ అంటించొద్దు, చర్మం దానితోనే వచ్చేస్తుంది. చనుబాలు, ఆముదం, నందివర్ధనం రసం అసలే వద్దు, ఇన్‌ఫెక్షన్ వస్తుంది.

ఇంటికొచ్చాక వెలుతురు చూడలేకపోయినా, రెప్పవెంట్రుకలు గుచ్చుకుంటున్నా విజయవాడ దగ్గరి తాడిగడప ఎల్.వి.ప్రసాద్ కంటి ఆసుపత్రి వంటిచోట చూపించండి.