తప్పిపోయిన మిత్రుడి తర్వాత చెదిరిపోయినవారు మళ్లీ కలవాలంటే

పదో తరగతి బ్యాచుల సమ్మేళనాలు ఊరూరా జరుగుతున్న ఈ రోజుల్లో కూడా కొన్ని బ్యాచులు కలవడానికి జంకుతాయి. వారిలో ఒకడు ఏళ్ల కిందట ఇంటి నుంచి వెళ్లి తిరిగి రాలేదు, ఏమయ్యాడో తేలలేదు. పోలీసులు స్నేహితులను ఒక్కొక్కరినీ పిలిచి అడిగినప్పుడు ఎవరు ఎవరి పేరు చెప్పారన్న అనుమానమే మిగిలినవారిని విడదీసింది. అలాంటివారికి మామూలు సమ్మేళనం పద్ధతి పనికిరాదు.

మొదటి ఫోను చేయవలసినది అనుమానించినవారే గానీ, అనుమానం మోసినవారు కాదు. వాట్సాప్ గ్రూపు పెట్టి అందరినీ ఒకేసారి చేర్చడం తొందరపాటు. "ఆ రోజు స్టేషన్లో నీ పేరు చెప్పింది నేనే, భయపడి చెప్పాను" అన్న మాట పదిమంది చదివే చోట రాయదగినది కాదు. ముందు ఆ ఇద్దరూ విడిగా కలవాలి. అవతలి మనిషి రానంటే, ఆ మాటను అక్కడితో వదిలేయాలి.

ఆ తర్వాత, తేదీ ఖాయం చేయకముందే, తప్పిపోయినవాడి ఇంటికి ఇద్దరు వెళ్లి చెప్పాలి. అన్నిటికంటే జాగ్రత్త అవసరమైన ఘట్టం ఇదే. ఆ ఇంట్లో గోడమీది ఫొటోకు దండ ఉందో లేదో గమనించండి. లేకపోతే మీరు దండ తీసుకెళ్లకూడదు, సమ్మేళనం ఫ్లెక్సీలో ఆ పేరు ముందు "కీర్తిశేషులు" అని వేయకూడదు, ఆత్మశాంతికి రెండు నిమిషాల మౌనం అసలే పాటించకూడదు. క్రియాపదం కూడా గాయం చేస్తుంది: "వాడికి పులిహోర ఇష్టంగా ఉండేది" అని మీరంటే, "ఇష్టమే" అని తల్లి దిద్దవచ్చు. ఆమె ఏ కాలంలో మాట్లాడితే మీరూ ఆ కాలంలోనే మాట్లాడండి. వియత్నాం యుద్ధంలో ఆచూకీ లేకుండా పోయిన సైనికుల కుటుంబాలను 1970లలో పరిశీలించిన అమెరికా పరిశోధకురాలు పౌలిన్ బాస్, మనిషి ఉన్నాడో లేడో తేలని ఇలాంటి దుఃఖం మరణదుఃఖం కంటే వేరైనదని గుర్తించి దానికి ప్రత్యేకంగా పేరు పెట్టారు. అందువల్ల "ఇంకెన్నాళ్లు ఎదురుచూస్తారు పిన్నీ" వంటి ఓదార్పు వద్దు.

కలిసినప్పుడు ఆ చివరి రోజు ప్రస్తావన వచ్చి తీరుతుంది. దానికి ముందే ఎవరికి గుర్తున్నది వారు, ఇతరులతో మాట్లాడకుండా, కాగితంపై రాసి తేదీ వేసి దాచుకోవాలి. ప్రశ్నలో కార్లు "ఢీకొన్నాయి" అనడానికీ "నుజ్జయ్యేలా గుద్దుకున్నాయి" అనడానికీ మధ్య సాక్షులు చెప్పే వేగమే మారిపోతుందని మనస్తత్వ పరిశోధకులు ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్ 1974లో చూపించారు. నలుగురు కూర్చుని గుర్తుచేసుకుంటే ఒకరి మాట మరొకరి జ్ఞాపకంలో కలిసిపోతుంది. ఎర్రచొక్కా వేసుకున్నాడని ఒకరు గట్టిగా అంటే, కాసేపటికి అందరికీ ఎర్రచొక్కాయే కనిపిస్తుంది.

రాసినవాటిలో కొత్త సంగతి ఏదైనా ఉంటే, కుటుంబానికి చెప్పి, కేసు నమోదైన స్టేషనులో ఎఫ్‌ఐఆర్ నంబరుతో రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్లు ముద్ర వేయించుకోండి. పోలీసులు కోర్టుకు నివేదిక ఇచ్చేసిన కేసులోనైనా కొత్త ఆధారం వస్తే తదుపరి దర్యాప్తుకు చట్టంలో వీలుంది. ఏడేళ్లు దాటితే అంతా ముగిసిందన్నది అపోహ. సహజంగా కబురు తెలియవలసినవారికి ఏడేళ్లపాటు ఏ కబురూ అందకపోతే, మనిషి బతికే ఉన్నాడని నిరూపించే భారం అలా అనేవారిపై పడుతుంది. పాత సాక్ష్య చట్టంలో 108వ సెక్షనుగా ఉన్న ఆ నియమం 2024 జూలై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియమంలో 111వ సెక్షను అయింది. ఆస్తి, బీమా వ్యవహారాలకు అది పనికివస్తుందే తప్ప, అతడు ఎప్పుడు, ఎలా పోయాడో అది చెప్పదు.

చివరిసారి అతడు కనిపించిన చెరువుగట్టునో బస్టాండునో కలిసే చోటుగా ఎంచుకోవద్దు. మొదటిసారి రెండు గంటలు, ఒక భోజనం చాలు. మందు వద్దు, పాత అనుమానం రెండో గ్లాసుకే బయటికి వస్తుంది. గ్రూపు ఫొటో తీసుకుంటే, దాన్ని ఎక్కడైనా పెట్టేముందు ఆ ఇంటివారిని అడగండి.