ధర చెప్పే సాఫ్ట్‌వేర్‌ని చదవడం – పాఠం 4: పేర్లు తీసేస్తే సరిపోతుందా?

పోయిన పాఠం చివర ఇచ్చిన ప్రశ్న గుర్తుందిగా. బెంగళూరు మారతహళ్లిలో ఒకే వీధిలో రెండు పీజీలు. జూన్ ఒకటిన రెండూ త్రీ షేరింగ్ అద్దె 500 రూపాయలు పెంచాయి. పోటీ చట్టం కింద ఇది తప్పవుతుందా? జవాబు పంపినవాళ్లలో ఎక్కువమంది తప్పేనని తేల్చేశారు. కొందరు ఇంకో అడుగు ముందుకేసి సెక్షన్ 27 కింద జరిమానా ఎంతో కూడా లెక్కగట్టారు. విచారణ లేకుండానే శిక్ష వేసేశారన్నమాట.

పీజీ ఓనర్లకి అద్దె ఎంత పెట్టాలో సూచించే సాఫ్ట్‌వేర్ ఉంటుంది కదా, ఈ వారం నేరుగా దాని ఒప్పందంలోని డేటా క్లాజులోకి వెళ్దామనుకున్నాను. ఈ చిక్కు విప్పకుండా అక్కడికి వెళ్తే ఆ క్లాజూ తలకెక్కదు. కాబట్టి ముందు ఇదే.

పక్క పీజీ గేటు మీద ఫ్లెక్సీ ఉంటుంది. దాని మీద రేటు ఉంటుంది. దారిన పోయేవాళ్లంతా చదువుతారు, మీరూ చదువుతారు. చదివి మీ రేటు మార్చుకుంటే అది వ్యాపారం. పైగా ఇద్దరి ఖర్చులూ ఒకటే: అదే వాటర్ ట్యాంకర్, అదే గ్యాస్ సిలిండర్, అదే వంటమనిషి జీతం. 2024 వేసవిలో బోర్లు ఎండిపోయి ట్యాంకర్ల ధరకు జిల్లా యంత్రాంగమే పరిమితి పెట్టాల్సి వచ్చింది. ఆరు వేల లీటర్ల ట్యాంకర్ ఐదు కిలోమీటర్ల లోపు అయితే 600 రూపాయలు. అలాంటి నెలలో ఊళ్లో పీజీలన్నీ ఒకేసారి అద్దె పెంచాయంటే ఎవరూ ఎవరికీ ఫోన్ చేయనక్కర్లేదు.

సాఫ్ట్‌వేర్ వచ్చినా సూత్రం మారదు. 2011లో అమెజాన్‌లో ఈగల జీవశాస్త్రం మీద ఒక పాత పుస్తకం ధర 2.36 కోట్ల డాలర్లు దాటింది. అచ్చుతప్పేమీ కాదు. ఇద్దరు అమ్మకందార్లు. ఒకరి ప్రోగ్రాం అవతలివాళ్ల ధరని 0.9983తో గుణిస్తుంది, అంటే కాస్త తక్కువకి పెడుతుంది. రెండోవాళ్ల ప్రోగ్రాం మొదటివాళ్ల ధరని 1.27తో గుణిస్తుంది. రోజూ ఒకదాన్ని చూసి ఒకటి ఎక్కుతూ పోయాయి. ధర చూస్తే దారుణం, ఒప్పందం మాత్రం ఎక్కడా లేదు. దీని పక్కన 2015లో అమెరికా న్యాయశాఖ పెట్టిన పోస్టర్ల కేసు పెట్టి చూడండి. అక్కడా అమెజాన్ అమ్మకందార్లే, అక్కడా ప్రోగ్రామే. కాకపోతే వాళ్లు ముందు మాట్లాడుకుని ధర కుదుర్చుకున్నారు, ఆ మాట అమలు చేయడానికి ప్రోగ్రాం రాశారు. అది క్రిమినల్ కేసయింది.

కాబట్టి ధర అంకె చూసి తీర్పు చెప్పకండి. ఆ అంకె తయారవడానికి సమాచారం ఏ దారిలో వచ్చిందో చూడండి. ఈ కోర్సు మొత్తంలో మీరు నేర్చుకోవాల్సిన పని ఇదే.

కార్టెల్ (పోటీదారులు కలిసి ధర కుదుర్చుకోవడం) గురించి, పోటీ చట్టాన్ని అమలు చేసే కాంపిటీషన్ కమిషన్ గురించి మళ్లీ వివరంగా చెప్పను. ఒక్క విషయం మాత్రం: 2002 పోటీ చట్టం సెక్షన్ 2(బి)లో ఒప్పందమంటే కాగితం మీద రాసుకున్నదే కానక్కర్లేదు. ‘అలా అనుకున్నాం’ అన్నది చాలు, కలిసి నడిస్తే చాలు. సంతకమెక్కడుందని అడిగినవాళ్లు ఈ ముక్క పక్కన గీత గీసుకోండి.

ఓలా, ఉబర్ కేసు ఎత్తి చూపినవాళ్లకి కూడా ఇక్కడే జవాబు చెప్పేస్తాను. యాప్ అల్గారిదమే డ్రైవర్లందరికీ ఛార్జీ పెట్టి వాళ్ల మధ్య పోటీ లేకుండా చేస్తోందన్న ఫిర్యాదుని కమిషన్ 2018లో మూసేసింది, సుప్రీంకోర్టు 2020 డిసెంబరులో దాన్నే ఖాయం చేసింది. నిజమే. కానీ డ్రైవర్లు తమలో తాము ఏదైనా కుదుర్చుకున్నట్టు అక్కడ కనిపించలేదు. అది చూపించి ‘మన దేశంలో అల్గారిదంకి భయం లేదు’ అనడం తొందరపాటు. పైగా 2023 సవరణ తర్వాత, పోటీదారుల ఒప్పందాన్ని ముందుకి నడిపించే మూడో మనిషి ఆ వ్యాపారంలో లేకపోయినా, అతన్నీ ఆ ఒప్పందంలో భాగస్వామిగానే భావిస్తారు. సాఫ్ట్‌వేర్ అమ్మే కంపెనీకి ఒక్క బెడ్డు లేకపోవచ్చు. అయినా తప్పించుకోలేదు.

ఇప్పుడు అసలు క్లాజు. నాకు ఒళ్లు మండించేది ఇదే.

పీజీ రిసెప్షన్‌లో ట్యాబ్ పట్టుకుని కూర్చునే సేల్స్ కుర్రాడిని మీలో చాలామంది చూసే ఉంటారు. మన ఊరి కుర్రాడే, అనంతపురమో కడపో. ‘అన్నా, టెన్షన్ పడొద్దు. డేటా అంతా పేర్లు లేకుండానే వెళ్తది. మీ ఏరియా సగటు మాత్రమే కనిపిస్తది’ అంటాడు. ఓనరు తలూపుతారు. సంతకమైపోతుంది.

అక్కడ ఆగండి. ఫ్లెక్సీ మీద రేటు వేరు, రిజిస్టర్లో రేటు వేరు. గేటు మీద 9,500 రాసుంటుంది. ముగ్గురు స్నేహితులు కలిసొచ్చి ‘అంకుల్, ఏడాది ఉంటాం’ అంటే 8,800కి ఇచ్చేస్తారు. ఆ 8,800 సంగతి మీకు తెలుసు, ఆ ముగ్గురికి తెలుసు. పక్క పీజీ ఓనరుకి తెలియదు. తెలియదు కాబట్టే అతను కంగారుపడి ఇంకో రెండు వందలు తగ్గిస్తాడు. పోటీ బతికేది ఆ తెలియనితనంలోనే. సాఫ్ట్‌వేర్ అడిగేది మీ ఫ్లెక్సీ రేటు కాదు, మీ రిజిస్టర్. ఎన్ని బెడ్లు ఖాళీగా ఉన్నాయో కూడా అడుగుతుంది.

ఇక పేర్లు తీసేయడం. మీ వీధిలో ముగ్గురు ఆ సాఫ్ట్‌వేర్ వాడుతున్నారనుకోండి. మీది 9,500. స్క్రీన్ మీద సగటు 9,000, కనిష్ఠం 8,500. మొత్తం 27,000. మీది తీసేస్తే 17,500. కనిష్ఠం మీది కాదు కాబట్టి అదీ తీసేయండి. మిగిలింది 9,000. అయిపోయింది, ఇద్దరి అద్దెలూ మీ చేతిలో ఉన్నాయి. ఏది ఎవరిదంటారా? ఒక పీజీకి లిఫ్టుంది, ఇంకోదానికి లేదు. ఆ వీధిలో ఇడ్లీ బండివాడు కూడా చెప్పగలడు. ఇద్దరే సభ్యులైతే సగటొక్కటే చాలు, కనిష్ఠంతో పని లేదు.

ఇంకా గట్టి సంగతేమిటంటే, స్క్రీన్ మీద ఏ అంకే చూపించకపోయినా సమస్య తీరదు. మీ రిజిస్టరూ, పక్కవాళ్ల రిజిస్టరూ ఒకే యంత్రంలోకి వెళ్లి, ఆ యంత్రం ఇద్దరికీ ‘తగ్గించకండి, నిలబడండి’ అని చెబితే, పేరు కనిపించకపోయినా పని జరిగిపోయింది. అద్దెలు సూచించే సాఫ్ట్‌వేర్ కంపెనీ రియల్‌పేజ్ మీద అమెరికా న్యాయశాఖ 2024 ఆగస్టులో వేసిన దావాలో ఆరోపణ సారాంశం ఇదే. పోటీపడే అపార్ట్‌మెంట్ యజమానుల దగ్గర్నుంచి బయటికి తెలియని అద్దె వివరాలు తీసుకుని, వాటితో వాళ్లందరికీ అద్దెలు సూచించిందని. 2025 నవంబరులో కోర్టు ముందు పెట్టిన రాజీ ప్రతిపాదన చూడండి. అద్దె సూచించేటప్పుడు పోటీదారుల రహస్య వివరాలు వాడకూడదు, మోడల్‌కి నేర్పడానికైనా అలాంటి డేటా కనీసం 12 నెలలు పాతదై ఉండాలి. పేర్లు తీసేస్తే చాలని అందులో రాయలేదు. డేటా ఎక్కణ్నుంచి వచ్చింది, ఎంత పాతది అని అడిగారు.

దీనికి ఎదురుగా లాస్‌వేగాస్ హోటళ్ల కేసు. ఒకే కంపెనీ ధరల సాఫ్ట్‌వేర్‌ని చాలా హోటళ్లు వాడాయి. ఒకరి రహస్యాలు ఇంకొకరి ధర లెక్కలోకి వెళ్లాయన్నది ఆ కేసులో నిలబడలేదు. అప్పీలు కోర్టు 2025 ఆగస్టులో హోటళ్ల పక్షానే చెప్పింది. ఒకే సాఫ్ట్‌వేర్ వాడటమే నేరమని రాసినవాళ్లు ఇది రెండుసార్లు చదవండి.

ఒప్పందం చదివే పద్ధతి. నేనైతే వెనక నుంచి చదువుతాను. ముందు పేజీల్లో అంతా నిర్వచనాలే, అసలు సరుకంతా చివరి షెడ్యూళ్లలో ఉంటుంది. మీ నుంచి వెళ్లే డేటాకి ఎర్ర పెన్ను, మీకొచ్చే సలహాకి నీలం పెన్ను. ఎర్రగీతలో బయటికి తెలియని వివరం ఉండి, అదే వివరం ఇంకో సభ్యుడి నీలంగీతలోకి చేరే దారుంటే, సంతకం పెట్టొద్దు. పీడీఎఫ్‌లో హైలైట్ చేస్తామంటారు కొందరు. ప్రింట్ తీసుకోండి, పది రూపాయల పని.

‘ఆటో యాక్సెప్ట్’, అంటే మీరు ఏమీ అనకపోయినా సూచించిన ధర దానంతటదే అమల్లోకి రావడం, ఆ మాట కనబడితే ఆపేయమనండి. సలహా పాటించకపోతే కారణం రాయాలన్న షరతున్నా అంతే.

‘సాఫ్ట్‌వేర్ కంపెనీ పంపిన మెసేజ్ నేను చూడలేదు’ అని ఒకరు రాశారు. లిథువేనియాలో ట్రావెల్ ఏజెన్సీలు ఇదే అన్నాయి. అవన్నీ ఈటురాస్ అనే బుకింగ్ వ్యవస్థ వాడేవి. డిస్కౌంటు 3 శాతం దాటకూడదని ఆ వ్యవస్థ సందేశం పంపింది. 2016లో యూరప్ న్యాయస్థానం తేల్చిందేమిటంటే, సందేశం పంపినంత మాత్రాన అందరూ దోషులు కారు. కానీ దాని సంగతి తెలిసినవాళ్లు ‘మాకొద్దు’ అని పైకి చెప్పకపోతే, అందులో కలిసినట్టే భావించవచ్చు. మీకు అలాంటి నోటిఫికేషన్ వస్తే అదే రోజు మెయిల్ పెట్టండి. వాట్సాప్‌లో బొటనవేలు బొమ్మ మాత్రం పెట్టకండి.

మాది ముప్పై బెడ్ల పీజీ, మమ్మల్నెవరు పట్టించుకుంటారని బీటీఎం లేఅవుట్ నుంచి ఒక అక్క అడిగారు. అక్కా, పోటీదారులు కలిసి ధర కుదుర్చుకోవడం గురించి చెప్పే సెక్షన్ 3(3)లో చిన్నవాళ్లకి విడిగా మినహాయింపు లేదు. జరిమానా కార్టెల్ నడిచిన ప్రతి ఏడాదికీ లాభానికి మూడు రెట్ల వరకో, టర్నోవర్‌లో 10 శాతం వరకో, ఏది ఎక్కువైతే అది.

అభ్యాసం. ఈసారి కాస్త కష్టమే, కాగితం పెన్ను తీసుకోండి.

మీ వీధిలో నలుగురు సభ్యులు. మీ అద్దె 8,800. స్క్రీన్ మీద సగటు 9,000, కనిష్ఠం 8,500, గరిష్ఠం 9,600. నాలుగో అద్దె ఎంత? మర్నాడు ఐదో సభ్యుడు చేరాడు. పాతవాళ్లెవరూ అద్దె మార్చలేదు. కనిష్ఠం, గరిష్ఠం అలాగే ఉన్నాయి, సగటు 8,960 అయింది. కొత్తవాడి అద్దె ఎంత? సభ్యులు పెరిగేకొద్దీ వివరాలు దాగుతాయని సేల్స్ కుర్రాడు చెప్పిన మాట ఈ లెక్కతో నిలబడుతుందా?

రెండోది. ఈ క్లాజుని, పీజీ ఓనరు ధైర్యంగా సంతకం పెట్టేలా తిరగరాయండి: ‘సభ్యుడు తన వాస్తవ అద్దె, ఖాళీ బెడ్ల సంఖ్య ప్రతి రాత్రి అందజేయాలి. కంపెనీ వాటిని పేర్లు లేకుండా అందరి ధరల సూచనకు వాడుకోవచ్చు. సూచించిన ధరను 24 గంటల్లో తిరస్కరించకపోతే అది అమల్లోకి వస్తుంది. తిరస్కరిస్తే కారణం తెలపాలి.’

నాలుగు వాక్యాలకీ నాలుగు మార్పులు కావాలి. ‘పేర్లు లేకుండా’ అన్న ముక్కని అలాగే ఉంచి పంపినవాళ్ల జవాబు చదవను. వచ్చే పాఠం సెక్షన్ 46: ఇప్పటికే ఇరుక్కుంటే కమిషన్ దగ్గరికి ముందు ఎవరు వెళ్లాలి, ఏం పట్టుకెళ్లాలి.