బాస్కెట్‌బాల్ ఆడే పిల్లలకి అమెరికాలో కాలేజీ ఎంచుకోవడం ఎలా

టెక్సస్‌లోని ఫ్రిస్కోలో, న్యూజెర్సీలోని ఎడిసన్‌లో, ఇక్కడ తెలుగువాళ్లు నలుగురు కలిసిన చోటల్లా ఈ మధ్య ఒక ప్రశ్న వినపడుతోంది: "మావాడు స్కూల్ మెయిన్ టీమ్ (వర్సిటీ)లో ఆడుతున్నాడండీ, కాలేజీకి స్కాలర్‌షిప్ వస్తుందంటారా?" మా ఇంట్లోనూ మూడేళ్లు ఇదే గొడవ నడిచింది. మావాడికి ఆట తప్ప ఇంకోటి పట్టదు, వాళ్లమ్మకి జీపీఏ తప్ప ఇంకోటి పట్టదు, నేనేమో శని ఆదివారాలు ఒక జిమ్ నుంచి ఇంకో జిమ్‌కి కారు నడిపేవాణ్ణి. ఆ మూడేళ్లలో అర్థమైంది ముందే చెప్పేస్తాను. చదువూ ఆటా రెండూ బాగా వచ్చిన పిల్లాడికి బాస్కెట్‌బాల్ వల్ల దొరికే పెద్ద లాభం డబ్బు కాదు, సీటు. మామూలుగా అప్లై చేస్తే దొరకడం చాలా కష్టమైన కాలేజీలో సీటు.

ఎందుకంటే డబ్బు వైపు దారి చాలా ఇరుకు. అమెరికా హైస్కూళ్లలో బాస్కెట్‌బాల్ ఆడే అబ్బాయిలు 5 లక్షల పైమాటే. వాళ్లలో కాలేజీ ఆటల్ని నడిపే ఎన్‌సీఏఏ సంస్థ కిందున్న కాలేజీల్లో, మూడు డివిజన్లూ (స్థాయిలు, అన్నిటికంటే పైది డివిజన్ 1) కలిపి, ఆడేది నూటికి ముగ్గురో నలుగురో. డివిజన్ 1 దాకా వెళ్లేది నూటికి ఒక్కడు. పైగా 2024 నుంచి చదువులో అర్హత నిలబెట్టుకున్న ఆటగాడు ఎన్నిసార్లు కాలేజీ మారినా వెంటనే ఆడొచ్చు, అందుకని చాలామంది కోచ్‌లు 17 ఏళ్ల పిల్లాణ్ణి తీసుకుని రెండేళ్లు తయారుచేసే బదులు వేరే కాలేజీలో ఇప్పటికే ఆడి కండ పట్టిన 21 ఏళ్లవాణ్ణి తెచ్చుకుంటున్నారు. ఆటగాళ్లు ఎన్‌సీఏఏ మీద వేసిన దావాలో 2025లో కోర్టు ఆమోదించిన ఒప్పందంతో అందులో చేరిన కాలేజీల్లో టీమ్‌కి 15 మందే అన్న పరిమితి కూడా వచ్చింది. ఇది మాకూ తగిలింది. ఒక డివిజన్ 1 కోచ్ నాలుగు నెలలు వారం వారం మెసేజ్ పెట్టాడు, వసంతంలో ఆ పొజిషన్‌కి ట్రాన్స్‌ఫర్ ఆటగాడు రాగానే మెసేజ్‌లు ఆగిపోయాయి. నోటిమాట ఆఫర్‌కి ఏ విలువా ఉండదు, సంతకం పెట్టిన ఎయిడ్ అగ్రిమెంట్ (స్కాలర్‌షిప్ ఒప్పందం) చేతికొచ్చేదాకా ఎవరికీ పార్టీ ఇవ్వకండి.

కాబట్టి మొదట మీవాడు ఎక్కడ సరిపోతాడో చూసుకోండి. మన కంటికి మన పిల్లాడు ఎప్పుడూ బాగానే ఆడతాడు, అందుకే స్కూల్ కోచ్‌నీ, స్కూల్ బయట ఆడే ఏఏయూ టీమ్ కోచ్‌నీ విడివిడిగా పట్టుకుని "మీకు తెలిసినంతలో ఏ డివిజన్?" అని సూటిగా అడగండి. తర్వాత కాలేజీల అథ్లెటిక్స్ వెబ్‌సైట్లలో రోస్టర్ (టీమ్ ఆటగాళ్ల జాబితా) పేజీలు తెరవండి. నాకు అన్నిటికంటే పనికొచ్చింది ఇదే. అందులో ఎత్తు, ఎన్నో సంవత్సరం, ఏ హైస్కూల్, చాలాచోట్ల మేజర్ (కాలేజీలో చదివే ప్రధాన సబ్జెక్టు) కూడా ఉంటుంది. మీవాడి పొజిషన్‌లో ఉన్నవాళ్లు ఎంత ఎత్తు, వాళ్లలో ఎంతమంది హైస్కూల్ నుంచి నేరుగా వచ్చారు, మీవాడు చేరే ఏడాదికి ఎవరు వెళ్లిపోతారు, ఇవి ముప్పై కాలేజీలకి రాసుకుంటే ఎక్కడ తలుపు తెరిచి ఉందో తెలిసిపోతుంది. మావాడు ఆరడుగుల ఒక అంగుళం గార్డ్. ఈ పని మొదలుపెట్టిన వారానికే మా జాబితాలోంచి డివిజన్ 1 పేర్లు సగం పోయాయి, ఆ రాత్రి వాడు సరిగా అన్నం తినలేదు, కానీ తీసేసింది వాడే.

అదే పేజీలో మేజర్ల వరస కూడా చదవండి. పదిహేను మందిలో ఒక్కడు కూడా ఇంజినీరింగో బయాలజీయో చదవడం లేదంటే దానికో కారణం ఉంటుంది. ల్యాబ్‌లు మధ్యాహ్నాలు, ప్రాక్టీసూ చాలాచోట్ల మధ్యాహ్నమే. సీజన్‌లో వారానికి 20 గంటలకు మించి ఆట పని పెట్టకూడదని ఎన్‌సీఏఏ నియమం ఉంది కానీ ప్రయాణాలు, ఫిజియో దగ్గర కూర్చునే సమయం ఆ 20లో లెక్కకి రావు. క్యాంపస్ చూడ్డానికి వెళ్లినప్పుడు కోచ్‌ని కాదు, ఆటగాళ్లని అడగండి: ప్రాక్టీస్‌కి ల్యాబ్ అడ్డొస్తే ఏం చేస్తారు? గత ఏడాది మేజర్ మార్చుకున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా, ఎందుకు? చదువూ ఆటా కలిసి సాగవని అనుకోకండి. మన దేశపు మూలాలున్న వరుణ్ రామ్ డివిజన్ 3లోని ట్రినిటీ కాలేజీ నుంచి మేరీలాండ్‌కి మారి, మొదట స్కాలర్‌షిప్ లేకుండా వాక్-ఆన్‌గా చేరి, న్యూరోబయాలజీ చదువుతూనే 2015 ఎన్‌సీఏఏ టోర్నమెంట్‌లో వాల్పరైజో మీద ఆఖరి క్షణాల్లో షాట్ పడకుండా కాపు కాసి మ్యాచ్ నిలబెట్టాడు. ఆ వీడియో మావాడు ఎన్నిసార్లు చూశాడో లెక్కలేదు.

డివిజన్ 1, 2లకి అర్హత సంగతి క్లుప్తంగా. హైస్కూల్‌లో 16 కోర్ కోర్సులు (ఎన్‌సీఏఏ లెక్కలోకి తీసుకునే ముఖ్యమైన సబ్జెక్టులు) ఉండాలి, వాటిలో 2.3 జీపీఏ డివిజన్ 1కి, 2.2 డివిజన్ 2కి. డివిజన్ 1 అయితే సీనియర్ ఇయర్ మొదలయ్యేలోపు 10 పూర్తవ్వాలి, అందులో 7 ఇంగ్లిష్, మ్యాథ్స్, సైన్స్‌ల్లోనివి. మన ఇళ్లలో 2.3 సమస్య కాదు, కానీ వేసవిలో తీసుకున్న ఆన్‌లైన్ కోర్సు ఎన్‌సీఏఏ ఆమోదించిన జాబితాలో లేకపోతే లెక్కకి రాదు, కౌన్సిలర్‌ని ముందే అడగండి. ఈ అర్హతకి ఎస్ఏటీ పరీక్ష 2023 నుంచి అక్కర్లేదు. అయినా పదకొండో తరగతి వసంతానికల్లా రాయించేయండి, ఎందుకో ఇప్పుడే చెప్తాను.

అసలు కీలకం ప్రీ-రీడ్, అంటే అప్లై చేయకముందే అడ్మిషన్ ఆఫీసు పిల్లాడి చదువు చూసి చెప్పే అంచనా. డివిజన్ 3 కాలేజీలు ఆటకి స్కాలర్‌షిప్ ఇవ్వవు. హార్వర్డ్, ప్రిన్స్‌టన్, యేల్ లాంటి ఎనిమిది ఐవీ కాలేజీలు డివిజన్ 1లో ఆడతాయి కానీ అవీ ఆటకి స్కాలర్‌షిప్ ఇవ్వవు, కుటుంబ ఆదాయాన్ని బట్టే సాయం చేస్తాయి. ఇది వినగానే మనవాళ్లు చాలామంది "అయితే ఆడి ఏం లాభం" అంటారు. లాభం ఇక్కడే ఉంది. పదకొండో తరగతి అయ్యాక వేసవిలో, మీవాడు కావాలనుకున్న కోచ్ వాడి ట్రాన్‌స్క్రిప్ట్, టెస్ట్ స్కోరు, పన్నెండులో తీసుకునే కోర్సుల జాబితా అడిగి అడ్మిషన్ ఆఫీసుకి పంపుతాడు. వాళ్లు చూసి ఫర్వాలేదనో, కష్టమనో, వద్దనో కోచ్‌కి చెప్తారు. వేలమంది డిసెంబరు దాకా టెన్షన్‌తో ఎదురుచూసే జవాబు గురించి మీకు ఆగస్టుకల్లా ఒక అంచనా దొరుకుతుంది. అందుకే ఎస్ఏటీ ముందే కావాలి, అందుకే పదకొండో తరగతి మార్కులు అంత ముఖ్యం. అయితే కోచ్ మాట బరువు అన్నిచోట్లా ఒకటి కాదు. ఎంఐటీ, కాల్‌టెక్ లాంటి చోట కోచ్ సిఫార్సు చేయగలడు, హామీ ఇవ్వలేడు. "మీ జాబితాలో మావాడు ఎన్నోవాడు? అడ్మిషన్ ఆఫీసు దగ్గర మీ పూర్తి మద్దతు వీడికేనా? పోయినేడు ఇలా మద్దతిచ్చిన వాళ్లలో ఎంతమందికి సీటొచ్చింది?" అని అడగడానికి మొహమాటపడొద్దు. మంచి కోచ్‌లు దాచకుండా చెప్తారు, తిప్పి తిప్పి మాట్లాడితే అదే జవాబు.

కోచ్‌ల దృష్టిలో పడటం ఎలా అంటే, ఈమెయిల్. పిల్లాడే రాయాలి, మీరు రాసి వాడి పేరు పెడితే రెండు లైన్లలో దొరికిపోతారు. గ్రాడ్యుయేషన్ సంవత్సరం, ఎత్తు, పొజిషన్, జీపీఏ, ఎస్ఏటీ, మూడు నాలుగు నిమిషాల వీడియో, వేసవి టోర్నమెంట్ల షెడ్యూల్, ఆ కాలేజీయే ఎందుకో రెండు వాక్యాలు. వీడియోలో డంక్‌లే కాదు, డిఫెన్స్, పాస్‌లు కూడా పెట్టండి. అబ్బాయిల విషయంలో డివిజన్ 1 కోచ్‌లు పదో తరగతి అయ్యాక జూన్ 15 నుంచే నేరుగా మాట్లాడగలరు, అంతకు ముందు జవాబు రాలేదని దిగులు పడొద్దు. సమ్మర్ క్యాంప్‌కి రమ్మని వచ్చే ఉత్తరాలు రిక్రూటింగ్ కాదు, అవి వందలమందికి పోతాయి. వేల డాలర్లు అడిగే రిక్రూటింగ్ సర్వీసులకి మేం ఒకసారి కట్టాం, ఆ డబ్బుతో నాలుగు క్యాంపస్‌లు చూసి రావొచ్చు.

ఇక డబ్బు. ఇద్దరూ సాఫ్ట్‌వేర్‌లో ఉన్న ఇంటికి ఆదాయం బట్టి ఇచ్చే సాయం దాదాపు సున్నా, ప్రైవేట్ కాలేజీ ఖర్చు చాలాచోట్ల ఏడాదికి 90 వేల డాలర్లకి దగ్గర్లోనో దాటో ఉంది. డివిజన్ 3 కోచ్ మద్దతు చాలాసార్లు ఎర్లీ డెసిషన్‌తో ముడిపడి ఉంటుంది, అంటే సీటొస్తే చేరాల్సిందే. కాబట్టి వేసవిలోనే ఆ కాలేజీ సైట్‌లో నెట్ ప్రైస్ క్యాలిక్యులేటర్ (మీ ఆదాయానికి సాయం పోను ఎంత కట్టాలో అంచనా చూపేది) నింపి చూసుకుని, "ఇంతవరకే పెట్టగలం" అని పిల్లాడికి అంకె చెప్పండి. మా ఇంట్లో అన్నిటికంటే కష్టమైన మాట ఇదే. సొంత రాష్ట్రంలో ప్రభుత్వ యూనివర్సిటీలో చదువుకుంటూ క్లబ్ టీమ్‌లో ఆడటం కూడా నిఖార్సైన దారే, దాన్ని ఓటమిలా చూడకండి.

హెచ్-4 వీసా (హెచ్-1బీ ఉద్యోగి కుటుంబానికి ఇచ్చేది) మీద ఉన్న పిల్లలకి ఒక హెచ్చరిక. ఎఫ్ఏఎఫ్ఎస్ఏ అనే దరఖాస్తు ద్వారా వచ్చే ఫెడరల్ సాయం వాళ్లకి రాదు, ఆట స్కాలర్‌షిప్ రావొచ్చు. కానీ ఎన్ఐఎల్ (ఆటగాడి పేరు, ఫొటో వాడుకున్నందుకు ఇచ్చే డబ్బు) పేరుతో ఎవరైనా డబ్బిస్తామంటే ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని అడగకుండా దేనిమీదా సంతకం పెట్టనివ్వద్దు. 21 నిండితే హెచ్-4 పోతుందని గుర్తుపెట్టుకుని ఎఫ్-1 స్టూడెంట్ వీసాకి మారే సంగతి కాలేజీ ఇంటర్నేషనల్ ఆఫీసుతో ముందే మాట్లాడుకోండి.

చివరికి రెండు మూడు కాలేజీలు మిగిలాక మేం పిల్లాణ్ణి ఒక్కటే అడిగాం: "రెండో ఏడు మోకాలు పోయి, కోచ్ కూడా వేరే చోటికి వెళ్లిపోతే, ఏ క్యాంపస్‌లో ఉండాలనుకుంటావు?" వాడు మెకానికల్ ఇంజినీరింగ్ ల్యాబ్ చూసొచ్చిన ఈశాన్యంలోని డివిజన్ 3 కాలేజీ పేరు చెప్పాడు. అక్టోబరులో నిర్ణయం అయ్యాక మిగిలిన కోచ్‌లకి మెసేజ్‌తో సరిపెట్టనివ్వలేదు. వాడే ఒక్కొక్కరికీ ఫోన్ చేసి, థాంక్స్ చెప్పి, వేరే చోట చేరుతున్నానని చెప్పాడు. మీ పిల్లల చేత కూడా ఆ ఫోన్లు ఆలస్యం చేయకుండా చేయించండి, ఆ స్థానం కోసం ఇంకో పిల్లాడు ఎదురుచూస్తుంటాడు.