ల్యాప్‌టాప్ కొనేముందు ర్యామ్ ఎన్ని ముక్కలో అడగండి
పిల్లల చదువుకీ, అప్పుడప్పుడు ఆడే గేములకీ తక్కువ ధరలో ల్యాప్‌టాప్ చూస్తున్నారా? ర్యామ్ ఎన్ని జీబీలో అడిగి ఊరుకోకండి, అది ఒక స్టిక్కా రెండా అని కూడా అడగండి. ఈ ధరల్లో విడిగా గ్రాఫిక్స్ కార్డు సాధారణంగా రాదు. ప్రాసెసర్‌లో ఉన్న గ్రాఫిక్సే ర్యామ్‌ని పంచుకుంటుంది. ఒకే స్టిక్ ఉంటే డేటా వచ్చే దారి ఇరుకు, రెండుంటే వెడల్పు. మా మేనల్లుడి దాంట్లో 8 జీబీ స్టిక్ ఒకటే ఉండేది, మైన్‌క్రాఫ్ట్ నత్తనడక. సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీలో ఇంకో 8 జీబీ స్టిక్ వేయించాక వాడిప్పుడు పుస్తకం ముట్టడం లేదు, అది వేరే టెన్షన్!

షాపులో కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. పెర్ఫార్మెన్స్‌లో మెమరీ దగ్గర ఎన్ని స్లాట్లు (ర్యామ్ స్టిక్ పెట్టే చోట్లు) వాడారో ఉంటుంది. బోర్డుకే అతికించిన ర్యామ్‌ని కూడా ఒక్కోసారి స్లాట్‌గానే చూపిస్తుంది, కాబట్టి మోడల్ నంబరుతో కంపెనీ సైట్‌లో సరిచూసుకోండి.

పేర్లతో కూడా జాగ్రత్త. ఏఎండీ ప్రాసెసర్లు రైజెన్ 5 7520యూ, 7530యూ కవల పిల్లల్లా కనిపిస్తాయి. కానీ మొదటిది పాత జెన్ 2 డిజైన్, గ్రాఫిక్స్ బలహీనం, ర్యామ్ పెంచుకోలేం. ఈ 7000 సిరీస్‌లో మూడో అంకె 2 అయితే నేనైతే కొనను.