కొత్త కాలిపర్లు వేశాక బ్రేకులు పట్టడం లేదా? ముందు పెడల్ ఏం చెబుతోందో చూడండి

పాత బండికి ముచ్చటపడి పెద్ద కాలిపర్లు (చక్రంతో పాటు తిరిగే డిస్కుని ప్యాడ్లతో నొక్కి ఆపేవి) బిగించి, మొదటిసారి పెడల్ తొక్కగానే "పాతవే నయం కదా" అనిపిస్తే కంగారుపడకండి, చాలామందికి ఇలాగే అవుతుంది. ఆ కంగారులో అందరూ చేసే తప్పు ఒకటుంది, వెంటనే పెద్ద మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే బ్రేక్ ఆయిల్‌ని చక్రాల దాకా నెట్టేది) కొనేయడం. నేనూ అదే చేశాను. డబ్బులూ పోయాయి, బ్రేకులు ఇంకా మొద్దుబారాయి, ఎందుకో కింద లెక్కతో సహా చెబుతాను. ముందు మాత్రం పానాలు పక్కన పెట్టి, బండి కదలకుండా హ్యాండ్ బ్రేక్ వేసి, సీట్లో కూర్చుని పెడల్ తొక్కి చూడండి.

స్పాంజిలా మెత్తగా దిగుతోందంటే లోపల గాలి ఉంది, లేకపోతే ఏదో సాగుతోంది. చాలా కిందికి దిగాక గట్టిగా ఆగి, గబగబా రెండుమూడుసార్లు తొక్కితే పైకి వస్తోందంటే ప్యాడ్లు గానీ, డ్రమ్ము లోపల రాసుకుని ఆపే షూలు గానీ దూరంగా ఉన్నాయి, లేదా సిలిండర్ ఒక్క తొక్కుడులో పంపే ఆయిల్ చాలడం లేదు. పైనే రాయిలా ఆగిపోయి బండి మాత్రం ఆగట్లేదంటే అది గాలి గొడవ కాదు, ఎంత బ్లీడ్ చేసినా (అంటే ఆయిల్ పంపుతూ లోపలి గాలిని నిపుల్ అనే చిన్న మర ద్వారా బయటికి తీసినా) ఉపయోగం ఉండదు. ఇక తొక్కి పట్టుకుంటే మెల్లగా నేలకి జారిపోతోందంటే మాస్టర్ సిలిండర్ సీల్ పోయింది లేదా ఎక్కడో లీకవుతోంది, ఆ బండిని గేటు దాటించకండి.

మెత్తటి పెడల్ సంగతి ముందు. కొత్త సిలిండర్ కూడా వేశాక రెండు రోజులు బ్లీడ్ చేశాను, లీటరు ఆయిల్ ఖాళీ అయింది, పైపులోంచి ఒక్క బుడగ రావడం లేదు, పెడల్ మాత్రం మెత్తగానే ఉంది. మూడో రోజు పొద్దున్నే చక్రం విప్పి టార్చి వేసి చూస్తే బ్లీడ్ నిపుల్ కాలిపర్ అడుగున నేల చూపులు చూస్తోంది. ఎడమ కాలిపర్ కుడివైపు, కుడిది ఎడమవైపు బిగించేశాను! బోల్టు రంధ్రాలు రెండువైపులా ఒకేలా ఉన్నాయి కాబట్టి హాయిగా కూర్చున్నాయి, అనుమానమే రాలేదు. గాలి పైకి పోతుంది, నిపుల్ కింద ఉంటే పైన చేరిన గాలి ఎన్ని లీటర్లు పోసినా బయటికి రాదు. అందుకే మొట్టమొదట చూడాల్సింది ఇదే: నిపుల్ కాలిపర్‌కి అన్నిటికన్నా పైన ఉందా? బ్రాకెట్ వల్ల కాలిపర్ కాస్త వాలి కూర్చున్నా సరే గాలి ఓ మూల ఇరుక్కుంటుంది. అప్పుడు కాలిపర్‌ని విప్పి, పిస్టన్లు బయటికి రాకుండా ప్యాడ్ల మధ్య డిస్కంత మందం చెక్కముక్క పెట్టి, నిపుల్ పైకి వచ్చేలా పట్టుకుని బ్లీడ్ చేయండి. కొన్ని నాలుగు పిస్టన్ల కాలిపర్లకు లోపల ఒకటి, బయట ఒకటి రెండు నిపుల్స్ ఉంటాయి, రెండోది మర్చిపోయేవాళ్లు తక్కువేం కాదు.

బ్లీడ్ చేసేటప్పుడు పాత మాస్టర్ సిలిండర్ అయితే పెడల్‌ని నేలకంటా తొక్కకండి. ఏళ్ల తరబడి పిస్టన్ వెళ్లని చోట తుప్పు పేరుకుని ఉంటుంది, సీల్ అక్కడిదాకా వెళితే చీరుకుపోతుంది. పెడల్ కింద చిన్న చెక్క పెడితే సరిపోతుంది. ఆయిల్ విషయానికొస్తే (అందరం ఆయిల్ అంటాం గానీ ఇంజన్ ఆయిల్‌కీ దీనికీ సంబంధం లేదు) డాట్ 3, డాట్ 4, డాట్ 5.1 ఒక జాతి, డాట్ 5 సిలికాన్, అది వేరే జాతి. ఈ రెండు జాతుల్ని కలపకూడదు.

గాలి పోయాకా మెత్తగానే ఉందా? పాత రబ్బరు హోసులు అనుమానించండి. ఒకరు పెడల్ గట్టిగా తొక్కుతుంటే మీరు హోస్‌ని గుప్పిట్లో పట్టుకోండి, లోపలి నుంచి ఉబ్బుతుంటే చేతికే తెలుస్తుంది. తప్పు ఏ చక్రం దగ్గరుందో తేల్చడానికి హోస్ క్లాంప్‌లు భలే పనికొస్తాయి. గుండ్రటి దవడలున్న క్లాంప్‌లతో రబ్బరు హోసులన్నీ మూసి తొక్కండి (స్టీలు అల్లిక హోసులకు మాత్రం వేయకండి, పాడైపోతాయి). పెడల్ పైనే గట్టిగా ఆగితే సిలిండర్, పైపులు బాగున్నట్టే. ఒక్కో క్లాంపే తీస్తూ తొక్కుతూ వెళ్లండి, ఏది తీసినప్పుడు పెడల్ దబ్బున దిగిందో దొంగ అక్కడే ఉన్నాడు.

చాలాసార్లు ఆ దొంగ వెనక దొరుకుతాడు. ముందు చక్రాల కాలిపర్లు మార్చాం కదా అని ముందువైపే చూస్తూ కూర్చుంటాం, వెనక డ్రమ్ములో షూలు అరిగి దూరం జరిగి ఉంటాయి. అడ్జస్టర్‌ని చక్రం బిగుసుకుపోయేదాకా తిప్పి, పెడల్ ఒకసారి తొక్కి షూలు సర్దుకున్నాక, చక్రం చిన్నగా రాసుకుంటూ తిరిగేంతవరకు వదులు చేయండి. పైసా ఖర్చు లేని పని, సగం "పెడల్ కిందికి పోతోంది" కేసులు ఇక్కడే తేలిపోతాయని నా అనుభవం. మలుపు తిరిగిన తర్వాత మాత్రమే మొదటి తొక్కుడు లోతుగా పోతుంటే చక్రం బేరింగ్ వదులైంది, లేదా డిస్క్ వంకరగా తిరుగుతూ పిస్టన్లను వెనక్కి నెడుతోంది. డయల్ గేజ్ పెడితే డిస్క్ ఊగు 0.1 మి.మీ. దాటకూడదు, దాటితే డిస్క్ విప్పి హబ్ ముఖం (డిస్క్ ఆనుకుని కూర్చునే చోటు) మీద తుప్పు గీకేసి మళ్లీ బిగించి చూడండి.

ఇప్పుడు లెక్క. నా పాత కాలిపర్‌కి 48 మి.మీ. పిస్టన్ ఒకటే, కాలిపరే పక్కకు జారి రెండో ప్యాడ్‌ని కూడా నొక్కే రకం. కొత్తదానికి 34 మి.మీ.వి నాలుగు, ఒక్కోవైపు రెండేసి. నాలుగంటే నాలుగింతలు అనుకున్నాను! కదలకుండా బిగించే కాలిపర్‌లో పట్టు లెక్కకు ఒకవైపు పిస్టన్లే తీసుకోవాలి. 34 మి.మీ. పిస్టన్ వైశాల్యం సుమారు 908 చదరపు మి.మీ., రెండు కలిపితే 1,816. పాత 48 మి.మీ. పిస్టన్‌ది 1,810. అంటే పట్టూ అంతే, కావాల్సిన ఆయిలూ దాదాపు అంతే, పాత సిలిండర్‌కి ఏ లోటూ లేదు. అదే 32 మి.మీ.వి కొని ఉంటే పాతదానికన్నా పట్టు తగ్గేది. మరి ఎందుకు మార్చినట్టు అంటారా, ప్యాడ్ పెద్దది, వేడి బాగా తట్టుకుంటుంది, కాలిపర్ తక్కువ వంగుతుంది.

నేను మాత్రం ముప్పావు అంగుళం సిలిండర్ తీసి 7/8 అంగుళంది వేశాను. మొదటిదాని వైశాల్యం 285 చదరపు మి.మీ., రెండోది 388. కాలి బలం అంతే ఉన్నప్పుడు వైశాల్యం పెరిగితే ఒత్తిడి తగ్గుతుంది, ఇక్కడ నాలుగో వంతుకు పైగా పోయింది. కాలిపర్లు అటూఇటూ మార్చి గాలి తీశాక పెడల్ రాయిలా అయింది, "అబ్బ, కుదిరింది" అనుకుని బయల్దేరాను, తొక్కితే బండి తన దారిన తాను పోతోంది. గట్టి పెడల్ అంటే గట్టి బ్రేకు అని లెక్కేసుకోవడం నా పొరపాటు. పాత సిలిండర్ తిరిగి వేశాకే మనిషినయ్యాను. కాబట్టి ఏదైనా కొనేముందు పిస్టన్లు కొలిచి ఈ లెక్క చేసుకోండి. కొత్త పిస్టన్ల వైశాల్యం నిజంగా బాగా పెరిగి, వెనక షూలు సర్దాక కూడా పెడల్ లోతుగా పోతుంటే అప్పుడు పెద్ద సిలిండర్ మాట.

సిలిండర్ సరైనదే అయినా పెడల్ రాయిలా ఉంటే బూస్టర్ (ఇంజన్ వ్యాక్యూమ్‌తో కాలి బలానికి తోడయ్యేది) చూడండి. ఇంజన్ ఆపి నాలుగైదుసార్లు తొక్కి, ఆఖరిసారి తొక్కి పట్టుకుని స్టార్ట్ చేస్తే పెడల్ కాస్త కిందికి దిగాలి. దిగలేదంటే వ్యాక్యూమ్ పైపో, చెక్ వాల్వో, బూస్టరో పోయింది. అసలు బూస్టరే లేని బండికి డ్రమ్ములు తీసి డిస్కులు వేసి ఉంటే కాలికి కాస్త ఎక్కువ బలం పట్టడం మామూలే, ఎందుకంటే డ్రమ్ములో షూ తిరుగుడుకే లోపలికి లాక్కుంటూ పట్టు పెంచుకుంటుంది, డిస్కుకి ఆ సాయం లేదు.

అన్నీ బాగుంటే మిగిలింది ప్యాడ్లు. కొత్త డిస్క్ మీద తుప్పు పట్టకుండా పూసిన నూనెని బ్రేక్ క్లీనర్‌తో తుడిచారా? రేసుల కోసం చేసిన ప్యాడ్లు వేశారా? అవి వేడెక్కితే గానీ పట్టవు, వీధుల్లో తిరిగే బండికి దండగ. మామూలు ప్యాడ్లకైనా సర్దుకునే సమయం ఇవ్వాలి. ఖాళీ రోడ్డు మీద, ముందు నడక వేగంలో బ్రేకులు పడుతున్నాయని చూసుకుని, తర్వాత 60 కిలోమీటర్ల వేగం నుంచి 10 దాకా ఓ మాదిరి గట్టిగా తగ్గించండి, పూర్తిగా ఆపకండి. అలా ఎనిమిది పదిసార్లు చేశాక బ్రేకు ముట్టుకోకుండా కొన్ని కిలోమీటర్లు నడిపి చల్లారనివ్వండి. వేడిగా ఉన్నప్పుడు ఆపి పెడల్ తొక్కి పట్టుకుంటే ప్యాడ్ ముద్ర డిస్క్ మీద పడిపోతుంది, ఆ తర్వాత తొక్కినప్పుడల్లా పెడల్ వణుకుతుంటే మళ్లీ మొదటి నుంచి వెతుక్కోవాలి.