పులసకి గుడ్డు పెట్టడం: మైన్‌క్రాఫ్ట్ మాడ్‌లో స్పాన్ ఎగ్

మా బావమరిది రాజోల్లో కూర్చుని మైన్‌క్రాఫ్ట్‌లో గోదావరి కడుతున్నాడు. పులస లేకుండా గోదావరేంటని ఆ చేపని కూడా మాడ్‌లో (గేమ్‌కి మనం సొంతంగా అతికించే అదనపు ముక్క) పెట్టాడు. క్లాస్ రాశాడు, బొమ్మ గీశాడు, తీరా గుడ్డు (స్పాన్ ఎగ్, నొక్కితే ఆ ప్రాణిని గేమ్‌లో పుట్టించే వస్తువు) దగ్గర మూడు రాత్రులు ఇరుక్కుపోయాడు. "బావా, చేపని నీళ్ళలో వదలడం తర్వాత సంగతి, అసలు గేమే తెరుచుకోవట్లేదు" అని ఫోను. మీకూ అదే గొడవైతే ఇది చదవండి. నేను చెప్పేది జావా ఎడిషన్ 1.20.1, మాడ్‌లని గేమ్‌లోకి ఎక్కించే ఫోర్జ్ లోడర్‌కి. పేర్లు తెలుగులో రాస్తున్నా గానీ కోడ్‌లో ఇంగ్లీషులోనే ఉంటాయి, కంగారు పడకండి.

ముందు చేప. ఎంటిటీ టైప్‌ల (చేపల్లాంటి వాటి రకాల) కోసం ఒక డిఫర్డ్ రిజిస్టర్ (సమయం వచ్చినప్పుడు గేమ్‌లో నమోదు చేసే జాబితా) పెట్టి అందులో పులసని నమోదు చేయండి. కేటగిరీ వాటర్ యాంబియెంట్ (గేమ్‌లో మామూలు చేపలుండే గుంపు), సైజు బ్లాకుల్లో వెడల్పు 0.7, ఎత్తు 0.4. అది గేమ్‌లోని సాల్మన్ కొలతే, పులసకి సరిపోతుంది. రిజిస్ట్రీ పేరులో పెద్ద అక్షరం ఒక్కటి పడినా గేమ్ ఒప్పుకోదు, అన్నీ చిన్న అక్షరాలే.

ఇక గుడ్డు, అసలు తిరకాసు ఇక్కడే. గేమ్‌లో మామూలుగా ఉన్న స్పాన్ ఎగ్ ఐటమ్ క్లాస్ ఎంటిటీ టైప్‌ని నేరుగా చేతిలో పెట్టమంటుంది. మనవాడు పులస పేరు పక్కన గెట్ అని రాసి ఇచ్చేశాడు. ఆ క్షణానికి చేప ఇంకా నమోదు కాలేదు కదా, "రిజిస్ట్రీ ఆబ్జెక్ట్ నాట్ ప్రెజెంట్" అని ఎర్రర్ కొట్టి పడిపోయింది. నారు పోయకుండానే నాట్లకి కూలీలని పిలిస్తే ఏమవుతుంది, అదే అయింది. అందుకే ఫోర్జ్‌లో ఫోర్జ్ స్పాన్ ఎగ్ ఐటమ్ అని వేరే క్లాస్ ఉంది, దానికి చేప అక్కర్లేదు, చేపని అడిగినప్పుడు తెచ్చిచ్చే సప్లయర్ చాలు. పులసని నమోదు చేసినప్పుడు చేతికొచ్చే రిజిస్ట్రీ ఆబ్జెక్టే ఒక సప్లయర్, కాబట్టి గెట్ తీసేసి దాన్ని అలాగే ఇచ్చేయండి. దాని తర్వాత రెండు రంగులు, మొదటిది గుడ్డు ఒంటి రంగు, రెండోది మచ్చలది, ఆరంకెల హెక్స్ రంగు కోడ్‌లో. చివర ఐటమ్ ప్రాపర్టీస్.

ఇదంతా సరిగ్గా రాసినా అదే ఎర్రర్ వస్తుంటే మెయిన్ క్లాస్‌లోకి వెళ్ళి చూడండి. ఐటమ్‌ల డిఫర్డ్ రిజిస్టర్‌ని మాడ్ ఈవెంట్ బస్‌కి (గేమ్ కబుర్లు మాడ్‌కి చేర్చే దారి) తగిలించి, ఎంటిటీలది మర్చిపోయి ఉంటారు. నేను ఒక ఆదివారం మొత్తం దీనికే పోగొట్టుకున్నా.

గేమ్ తెరుచుకున్నాక రెండో ఫోను: "బావా, గుడ్డు వెతికినా కనబడట్లేదు, కమాండ్‌తో తెచ్చుకుంటే ఊదా నలుపు గళ్ళ డబ్బా వస్తుందేంటి?" కనబడకపోవడం ఎందుకంటే క్రియేటివ్ ట్యాబ్‌లో (వస్తువుల మెనూలోని పేజీ) మనమే పెట్టాలి. బిల్డ్ క్రియేటివ్ మోడ్ ట్యాబ్ కంటెంట్స్ ఈవెంట్‌లో ట్యాబ్ స్పాన్ ఎగ్స్‌దో కాదో చూసి యాక్సెప్ట్ చేయండి. గళ్ళ డబ్బా అంటే మోడల్ ఫైల్ లేదని. మోడల్స్ ఫోల్డర్‌లోని ఐటమ్ ఫోల్డర్‌లో గుడ్డు పేరుతోనే ఒక జేసన్ ఫైల్ పెట్టి, పేరెంట్‌గా టెంప్లేట్ స్పాన్ ఎగ్ అని ఒక్క లైను రాస్తే చాలు, బొమ్మ గీయక్కర్లేదు, మీరిచ్చిన రెండు రంగులూ దానికి అవే పూసుకుంటాయి. (1.21.5 నుంచి గేమ్‌లో ప్రతి గుడ్డుకీ విడిగా బొమ్మ వచ్చేసింది, అక్కడ ఈ రంగుల పద్ధతి మర్చిపోండి.)

గుడ్డు నొక్కగానే చేప రాకపోయినా, క్రాష్ అయినా మాత్రం గుడ్డుని తిట్టకండి. చేపకి ఆట్రిబ్యూట్‌లు (ఆరోగ్యం, వేగం లాంటి అంకెలు) లేకపోయి ఉండాలి. ఎంటిటీ ఆట్రిబ్యూట్ క్రియేషన్ ఈవెంట్‌లో పులసకి అబ్‌స్ట్రాక్ట్ ఫిష్ వాళ్ళవే ఇచ్చేయండి, ఆరోగ్యం 3 వస్తుంది. లేదంటే రెండరర్ (చేపని తెర మీద గీసే కోడ్) నమోదు కాలేదు. అది క్లయింట్ (ఆడేవాడి గేమ్) వైపు మాత్రమే ఉండాలి, కామన్ కోడ్‌లో పెడితే మీ సిస్టమ్‌లో ఆడి, సర్వర్‌లో చస్తుంది.

ఇప్పుడు గుడ్డు పట్టుకుని నీటి మీదే నొక్కండి. గట్టు మీద నొక్కితే గిలగిల కొట్టుకుంటుంది, చూళ్ళేం.

మూడో ఫోను నిన్న వచ్చింది. యానాం దాకా కట్టుకుంటూ పోయి వెనక్కొచ్చేసరికి చేపలన్నీ మాయమట. అది తప్పు కాదు, ఆ కేటగిరీ చేపలు మనం 64 బ్లాకుల అవతలికి పోతే తీసేయబడతాయి. ఉంచుకోవాలంటే నేమ్ ట్యాగ్ తగిలించమన్నా. "పులస ఎప్పుడైనా ఏడాదంతా ఉంటుందా బావా, వదిలెయ్" అని ఫోను పెట్టేశాడు.