నాటుకోడి పిల్లలు ఇంట్లోనే – 3వ పాఠం: గుడ్డుకి చెమట పట్టకూడదు

పోయిన పాఠంలో పుంజు పెట్టల లెక్క చూశాం కదా, ఎనిమిది పది పెట్టలకి ఒక పుంజు, పుంజుని వదిలాక వారం పది రోజులు ఆగి అప్పుడు గుడ్లు ఏరడం, అవన్నీ అయిపోయాయి. ఈరోజు పెట్ట గుడ్డు పెట్టినప్పటి నుంచి మనం దాన్ని ఇంక్యుబేటర్ లో, అంటే గుడ్లు పొదిగే మెషిన్ లో పెట్టేదాకా మధ్యలో ఏం చెయ్యాలో చూద్దాం. ఈ మధ్య రోజుల్ని చాలామంది అసలు పట్టించుకోరండి, పిల్లలు దిగకపోతే మెషిన్ బాగోలేదంటారు, కానీ నేను చూసినంతలో మన వైజాగ్ లో బోలెడు గుడ్లు మెషిన్ ఎక్కకముందే పాడైపోతున్నాయి.

ముందు ఒక్క విషయం మనసులో పెట్టుకోండి, గుడ్డు బయటికొచ్చేసరికే లోపల పిల్ల మొదలైపోయి ఉంటుంది. పెట్ట కడుపులో 41 డిగ్రీల వేడిలో దాదాపు ఒక రోజు ఉంటుంది కదా, ఆ టైమ్ లోనే వేల కణాలు తయారైపోతాయి. బయటికొచ్చి చల్లబడ్డాక అది నిద్రలోకి పోతుంది. సుమారు 20 డిగ్రీల కింద ఉంటే ఆ నిద్ర గట్టిగా ఉంటుంది, అంతకన్నా వేడిగా ఉంటే సగం మెలకువలో కొంచెం కొంచెం పెరుగుతుంది, సరిగ్గా పెరగడానికి 37న్నర డిగ్రీలు కావాలి అవి ఉండవు, అలా అటూ ఇటూ కాకుండా నీరసించి చచ్చిపోతుంది. మే నెలలో గోపాలపట్నంలో మా మేడ మీద గది మధ్యాహ్నం 34 చూపిస్తుంది, అక్కడ గుడ్లని బుట్టలో వారం ఉంచితే జరిగేది ఇదే. నేను ఒక ఎండాకాలం 14 గుడ్లు అలాగే దాచి పెట్టాను, 4 పిల్లలు దిగాయి, మిగతావి పగలగొట్టి చూస్తే చాలావాటిలో నెత్తుటి గీతలు వచ్చి ఆగిపోయి ఉన్నాయి, ఆరోజు చాలా బాధేసింది.

"మరి పూర్వం కోడి గంపలోనే పన్నెండు గుడ్లు పెట్టుకుని పొదిగేది కదమ్మా, అప్పుడు ఎవరు దాచారు" అని మా పక్కింటి పిన్నిగారు అడిగారు, మంచి ప్రశ్నే. పెట్ట రోజూ కొత్త గుడ్డు పెట్టడానికి వచ్చినప్పుడు పాత గుడ్ల మీద కాసేపు కూర్చుంటుంది, ఆ కాస్త వెచ్చదనం లోపలి పిల్లకి బలం ఇస్తుంది, కోడిపిల్లల్ని పొదిగించి అమ్మే పెద్ద హేచరీల వాళ్ళు కూడా ఎక్కువ రోజులు నిల్వ ఉంచే గుడ్లకి మధ్యలో కొన్ని గంటలు వేడి ఇచ్చి ఇదే చేస్తారు. కానీ పిన్నిగారి ఊళ్ళో కూడా చలికాలం పొదిగినన్ని పిల్లలు ఎండల్లో దిగేవి కావట, ఆవిడే తర్వాత చెప్పారు.

ఇప్పుడు పనిలోకి వద్దాం. ఎండల్లో రోజుకి మూడు నాలుగు సార్లు గుడ్లు తియ్యండి, చలికాలం రెండుసార్లు చాలు. పగుళ్ళు, పలచటి పెంకు, మరీ పొడుగు, మరీ గుండ్రం, రెండు సొనలవి అనిపించేంత పెద్దవి, ఇవన్నీ కూరకి పంపించెయ్యండి. టార్చి చీకట్లో గుడ్డుకి ఆనించి చూస్తే వెంట్రుకంత పగులు కూడా కనబడుతుంది.

కడగొద్దు. ఇది మళ్ళీ చెప్తాను, కడగొద్దు. పెంకు నిండా వేల రంధ్రాలు ఉంటాయి, వాటి మీద పెట్ట వేసిన సన్నటి పొర ఉంటుంది, అదే దానికి రక్ష. వెచ్చటి గుడ్డు చల్లబడేటప్పుడు లోపలిది కొంచెం కుంచించుకుని బయట గాలిని లోపలికి లాగుతుంది, అప్పుడు పెంకు మీద తడి ఉంటే ఆ తడితో పాటు దానిలో ఉన్న క్రిములు కూడా లోపలికి పోతాయి. చల్లటి పంపు నీళ్ళతో కడిగితే మనం చేత్తో ఎక్కించినట్టే. రెట్ట కొద్దిగా అంటితే ఎండిపోయాక గరుకు కాగితంతో మెల్లగా గీకండి, బాగా మురికైతే వదిలెయ్యండి. అసలు గూట్లో ఊక వారానికోసారి మారిస్తే మురికి గుడ్లే తక్కువ వస్తాయి.

తేదీ పెన్సిల్ తోనే రాయండి, స్కెచ్ పెన్ వద్దు.

ఇక ఎక్కడ దాచాలి. మూడు రోజుల్లో పెట్టేస్తాం అంటే 18 నుంచి 20 డిగ్రీలు పర్లేదు, వారం అంటే 15 నుంచి 18. ఫ్రిజ్ మామూలుగా 4, 5 డిగ్రీలు ఉంటుంది, అది మరీ చలి, పైగా డోర్ లో ట్రే తీసినప్పుడల్లా ఊగుతుంది. మా నానమ్మ బియ్యం బానలో దాచేది, కొంతమంది తడి ఇసుక కుండ అంటారు, రాయలసీమ పొడి గాలిలో కుండ బాగా చల్లబడుతుంది గానీ మన సముద్రం గాలిలో తడి అంత తొందరగా ఆరదు కాబట్టి కుండ కూడా 26, 27 దగ్గరే ఆగిపోతుంది, చలికాలంలో తప్ప నమ్మకండి. నేను చేసేది థర్మాకోల్ పెట్టె. ఫిషింగ్ హార్బర్ దగ్గర చేపల పెట్టెలు దొరుకుతాయి గానీ ఆ వాసనా తడీ పోవు, మందుల షాపులో ఇంజక్షన్లు వచ్చే పెట్టె అడగండి. గడ్డకట్టిన లీటర్ నీళ్ళ బాటిల్ ని టవల్ లో చుట్టి ఒక మూల నిలబెట్టాలి, టవల్ ఎందుకంటే బాటిల్ మీద పట్టిన నీరు గుడ్ల మీద కారకూడదు. గుడ్లు కాగితపు ట్రేలో సన్నటి కొస కిందికి, లావు కొస పైకి, గాలి గది, అంటే గుడ్డు లోపల గాలి ఉండే ఖాళీ, లావు వైపు ఉంటుంది కాబట్టి. పక్కనే డిజిటల్ థర్మామీటర్, తేమ కూడా చూపించేది అయితే మంచిది, 75 శాతం దగ్గర ఉంటే చాలు. బాటిల్ పొద్దున్నా సాయంత్రం మార్చండి. ఇప్పుడే పెట్టిన వెచ్చటి గుడ్డుని మాత్రం నేరుగా లోపల పెట్టకుండా ఇంట్లో నీడపట్టున ఒకటి రెండు గంటలు ఆరనిచ్చి అప్పుడు పెట్టండి. మూత కూడా ఆ బాటిల్ మార్చే టైమ్ లోనే తియ్యండి, ఊరికే చూడ్డానికి తియ్యకండి, డిగ్రీలు పైకీ కిందకీ ఊగడం గుడ్డుకి చాలా చెడ్డది.

వారం దాటితే తెల్లసొన పలచబడుతుంది, పచ్చసొన పైకి తేలి పెంకు లోపలి పొరకి అంటుకునే ప్రమాదం, అందుకని వారం దాటినవాటి కోసం ట్రే కింద ఒక వైపు చెక్కముక్క పెట్టి రోజుకోసారి అటుది ఇటు మార్చండి. పది రోజులు దాటినవి నేను పెట్టను. వారం తర్వాత ప్రతి రోజు నిల్వకి పిల్ల దిగడం కూడా సుమారు ఒక గంట ఆలస్యం అవుతుంది, మామూలుగా పిల్ల దిగే ఇరవై ఒకటో రోజు కంగారు పడకుండా గుర్తుంచుకోండి.

ఇప్పుడు అసలు విషయం, చెమట. ఫ్రిజ్ లోంచి తీసిన స్టీలు గ్లాసు మీద నీళ్ళు పడతాయి చూడండి, 17 డిగ్రీల గుడ్డుని మన వైజాగ్ గాలిలోకి తీస్తే రెండు నిమిషాల్లో అదే అవుతుంది. ఎండాకాలంలో మన గాలిలో తడి ఎంతంటే 25 డిగ్రీల కన్నా చల్లగా ఉన్న ఏ వస్తువు మీదైనా చుక్కలు కడుతుంది. ఆ తడి గుడ్డుని వేడి మెషిన్ లో పెట్టామనుకోండి, క్రిములకి నీళ్ళూ వెచ్చదనం రెండూ ఇచ్చినట్టు, పదో రోజుకి మురిగిన వాసన మొదలు. కాబట్టి ఏసీ ఉన్నవాళ్ళు గంట ముందే 24 లో వేసి గది తడి ఆరాక పెట్టెని అక్కడ తెరవండి, ఆరు నుంచి ఎనిమిది గంటలు ట్రేలోనే ఉంచి తర్వాత మెషిన్ లో పెట్టండి. ఏసీ లేకపోతే రాత్రి బాటిల్ తీసేసి వెంటనే మూత వేసి అంచులకి టేపు వెయ్యండి, పెట్టె లోపల గుడ్లు నెమ్మదిగా గది వేడికి వస్తాయి, పొద్దున్న తెరిస్తే పొడిగా ఉంటాయి. ఒకవేళ చెమట పట్టేసిందా, గుడ్డతో తుడవకండి, రుద్దితే ఆ తడి రంధ్రాల్లోకి పోతుంది, ఫ్యాన్ కింద పూర్తిగా ఆరనివ్వండి, మళ్ళీ చల్లటి పెట్టెలో పెట్టొద్దు.

బస్సులో దూరం నుంచి తెప్పించిన గుడ్లయితే సన్నటి కొస కిందికి పెట్టి ఒక రోజంతా కదపకుండా ఉంచండి, కుదుపులకి చెదిరిన గాలి గది సర్దుకోవాలి.

వెంటనే గుడ్లు పెట్టకండి, ఖాళీ పెట్టెతోనే మొదలు. బాటిల్ పెట్టి మూడు రోజులు పొద్దున్న, మధ్యాహ్నం, రాత్రి డిగ్రీలు నోట్ చెయ్యండి. 18 దాటుతుంటే రెండో బాటిల్ పెట్టండి, 15 కిందికి పోతుంటే టవల్ ఇంకో మడత వెయ్యండి. మూడు రోజులూ మధ్యలో నిలబడితే నాలుగో రోజు మొదటి గుడ్డు పెట్టండి. మెషిన్ ని ఒక రోజు ముందే ఎలా నడిపించి చూసుకోవాలో నాలుగో పాఠంలో చెప్తాను.